మంటకూ కంటికీ మధ్య

నేను ఒక నీలిగాజు బిళ్లను. అరచేతిలో ఇమిడిపోతాను. చుట్టూ ఇనుప కమ్మీ, కింద టేకు పిడి, పిడికి మెడలో వేసుకునే తాడు. చూసినవాళ్లు నన్ను తిరనాళ్లలో కొన్న ఆటవస్తువనుకుంటారు. అనుకోనివ్వండి. మీరు స్విచ్ నొక్కగానే ఫ్యాను తిరుగుతుంది. ఆ ఫ్యానుకు అవతలి కొస ఎక్కడుందో మీలో ఎవరూ చూసి ఉండరు. నేను చూశాను. ముప్పై ఏళ్లకు పైగా అదే పనిగా చూశాను. ఎంత చూసినా ఆశ్చర్యం తీరలేదు, అదీ నా గొడవ.

ఉత్తరాదిన గాజులు చేసే ఊరొకటి ఉంది. అక్కడి కొలిమిలో ఇసుకా సోడా కరిగించి, అందులో చిటికెడు కోబాల్ట్ పొడి వేస్తే ముద్ద మొత్తం నీలమైపోతుంది. నాతోపాటు అదే ముద్దలోంచి పుట్టినవాళ్లలో చాలామంది పెళ్లికూతుళ్ల చేతులకెక్కారు. నన్ను మాత్రం పలకలా పరిచి, గుండ్రంగా కోసి, ఎండుగడ్డిలో చుట్టి, దక్షిణానికి పోయే లారీలో పడేశారు. గలగలలాడే బతుకు దక్కలేదని దారి పొడుగునా ఏడ్చాను. నా తోబుట్టువుల్లో ఎవరికీ ఏడాదికి మించి ఆయుష్షు లేదని అప్పట్లో నాకు తెలియదు.

లారీ దింపిన చోటు ఉత్తర తెలంగాణలో, గోదావరి ఒడ్డున. అక్కడ బొగ్గు మండించి కరెంటు తీసే కేంద్రం కడుతున్నారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన శేషాచలం అనే బాయిలర్ ఇన్‌ఛార్జి నన్ను గడ్డిలోంచి తీసి రుమాలుతో తుడిచాడు. వర్క్‌షాపులో కమ్మీ వేయించాడు. విరిగిన కుర్చీ కాలుతో పిడి చేయించాడు. ఇంత మర్యాద దేనికో నాకు అంతుపట్టలేదు. బాయిలర్ గోడలో గుప్పెడంత కిటికీలు ఉంటాయి. లోపలి మంట ఎలా ఉందో వాటిలోంచి చూడాలి. వట్టి కళ్లతో చూస్తే కనిపించేది ఏమీ ఉండదు, తెల్లటి వెలుగు ఒకటి కళ్లలో గుచ్చుకుంటుంది, అంతే. నన్ను అడ్డం పెట్టుకుంటే మంటకు ఒళ్లూ అంచులూ ఏర్పడతాయి. మనుషులు తాము రాజేసిన నిప్పును తామే సూటిగా చూడలేరని, మధ్యలో నాలాంటిది ఒకటి ఉండాలని నాకు అప్పుడు తెలిసింది. కొంచెం గర్వపడ్డాను.

మొదటిసారి మంట వేసిన రోజును నేను మరిచిపోలేను. పది అంతస్తుల ఎత్తున్న గది అది. మిల్లుల్లో మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరిన బొగ్గుపొడిని నాలుగు మూలల నుంచీ గాలి తోసుకొస్తోంది. నాలుగు మంటలూ నడిమధ్యన కలుసుకుని, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. గది నిండా ఒకే నిప్పుసుడి. గోడలంతా గొట్టాలు, గొట్టాల నిండా గోదావరి నీళ్లు. ఆ నీళ్లు ఆవిరై బయటికి దూసుకుపోయి కరెంటు పుట్టించే చక్రాన్ని తిప్పుతున్నాయి. కింద నేల వణుకుతోంది. నేను కూడా వణికాను. నేనూ నిప్పులో పుట్టినదాన్నే, కానీ ఇంత నిప్పు ఉంటుందని ఊహించలేదు.

శేషాచలం పక్కన కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆపరేటర్ ఒకడు నిలబడి ఉన్నాడు. పేరు జక్కుల ఓదెలు, పెద్దపల్లి దగ్గర పల్లెటూరివాడు. శేషాచలం నన్ను అతని కంటికి ఆనించి, ఆ హోరులో వినపడేలా అరిచాడు. "చూశావటయ్యా! కోట్ల ఏళ్ల కిందటి అడవులవి. అవి తాగిన ఎండే ఇదంతా. ఇన్నాళ్లు భూమిలో దాక్కుంది, ఇవాళ బయటికి లాగాం."

"నాకు కాళ్లు వణుకుతున్నయ్ సార్" అని ఓదెలు తిరిగి అరిచాడు.

"నాకూ వణుకుతున్నాయ్. చూడు, చూడు, మళ్లీ దొరకదు."

మళ్లీ దొరకకపోవడమేమిటి, ఆ తరవాత ఓదెలు రోజూ చూశాడు. శేషాచలం బదిలీ మీద వెళ్తూ నా తాడును అతని మెడలో వేశాడు. అప్పటి నుంచి మా ఇద్దరిదీ ఒకే చూపు.

అవి కరెంటు కోసం దేశం నోరు తెరుచుకుని కూర్చున్న రోజులు. ఊళ్లకు రోజుకు కొన్ని గంటలే ఇచ్చేవాళ్లు. పట్నాల్లో పరీక్షలకు చదివే పిల్లలు కిరోసిన్ దీపాలు తుడుచుకునేవాళ్లు. పైనుంచి రోజూ ఒకటే ఫోను, ఇంకా పెంచండి, ఇంకా పెంచండి అని. మా యూనిట్, అంటే ఈ బాయిలరూ దాని చక్రమూ, పూర్తి లోడుతో నెల రోజులు ఆగకుండా నడిస్తే లడ్డూలు పంచేవాళ్లు. దసరాకు నా మొహాన కుంకుమ బొట్టు పెట్టేవాళ్లు. దాన్ని తుడిస్తే ఏం దోషమో అని ఎవరూ తుడవకపోవడంతో, పండగ వెళ్లిన వారం దాకా ఆపరేటర్లందరికీ మంట నడుమ ఒక ఎర్రటి మచ్చ కనిపించేది. దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

ఆ బాయిలర్ వాళ్లకు ఒక ఆచారం ఉండేది. షిఫ్టు మారేటప్పుడు దిగిపోయేవాడు కిటికీలోంచి ఒకసారి చూసి, నన్ను ఎక్కేవాడి చేతిలో పెట్టి "మంట నీది" అనాలి. వాడు కూడా చూసి "తీసుకున్న" అనాలి. ఆ మాట పడేదాకా ఎవరూ బస్సెక్కకూడదు. ఎవరి షిఫ్టులోనైనా మంట ఆరిపోయిందా, వారం రోజులు వాళ్లతో ఎవరూ కూర్చుని టీ తాగరు. నవ్వుతూ మొదలైన ఆట అది, పోనుపోను శాపంలా తయారైంది. అందుకని మంట బలహీనపడినప్పుడల్లా, పైవాళ్లకు చెప్పకుండా ఒక మూల నూనె మంట పెట్టేసేవాళ్లు. దాన్ని వాళ్లు "దీపం" అనేవాళ్లు. బొగ్గుమంట తడబడితే దీపం చెయ్యి పట్టుకుంటుందని నమ్మకం. ఓదెలు షిఫ్టులో మంట ఒక్కసారి కూడా ఆరలేదని కేంద్రమంతా చెప్పుకునేవాళ్లు. ఎన్నిసార్లు దీపం పెట్టాడో నాకు తెలుసు. నాకు నోరు లేకపోవడం ఓదెలు అదృష్టం.

ఇలా ఏళ్లు గడిచాయి. ఓదెలు జుట్టు తెల్లబడింది. నా అంచున చిన్న పెచ్చు లేచింది. అప్పుడు సోయం సమత వచ్చింది. ఆదిలాబాద్ వైపు గోండు అమ్మాయి, ఇంజినీరు. బొగ్గు ఎంత తింటున్నారు, కరెంటు ఎంత ఇస్తున్నారు అని లెక్క చూడటం ఆమె పని. ఆమెతోపాటు ఇంకో కొత్త మర్యాద కూడా వచ్చింది. మధ్యాహ్నం కాగానే "లోడు తగ్గించండి, సోలార్ వస్తోంది" అని ఫోను. పొద్దుగూకగానే "పెంచండి, పెంచండి" అని ఫోను.

"సూర్యుడు డ్యూటీకి వచ్చిండని మనల్ని క్యాంటీన్‌ల కూసోమన్నట్టున్నది" అని ఓదెలు చిరాకుపడేవాడు. నాకూ రోషం వచ్చింది. పాత ఎండను నేను ఇన్నేళ్లు చూపిస్తుంటే, కొత్త ఎండ ఎవడికి కావాలి?

ఒక రోజు క్యాంటీన్‌లో సమత టీ గ్లాసు పట్టుకుని ఓదెలు ఎదురుగా కూర్చుంది. నేను అతని మెడలో వేలాడుతున్నాను.

"ఓదెలన్నా, మన యూనిట్ రోజుకు ఎంత బొగ్గు తింటది?"

"ఓ రైలు. ఒక్కొక్కనాడు జరంత ఎక్కువనే."

"బూడిద పోంగ మిగిలిందంత ఏమయితది?"

"కాలిపోతది."

"కాలిపోయి ఏడికి పోతది?"

"ఏడికి పోవుడేంది మేడం? కాలినంక ఇంకేమున్నది? మాయమైతది."

"మాయం కాదన్నా. గాలిల కలుస్తది. అది గూడ ఒక్కటే పోదు, గాలిల ఉన్న ఆక్సిజన్‌ను పట్టుకొని పోతది. అందుకే చిమ్నీలకెల్లి పోయే కార్బన్ డయాక్సైడ్ బరువు, లోపటికి వచ్చిన బొగ్గు బరువు కన్న ఎక్కువ."

ఓదెలు పెద్దగా నవ్వాడు. "కాలితె తగ్గాలె గని పెరుగుతదా? మా అవ్వ మోపెడు కట్టెలు పొయ్యిల పెడితె పిడికెడు బూడిద మిగిలేది."

"మిగిలింది చూసిన్రు. పోయింది చూడలే."

ఓదెలు నవ్వు ఆగింది. నా సంగతి చెప్పాలంటే, మొదటిసారి మంట చూసిన రోజు ఎలా వణికానో అలా వణికాను. రోజూ ఒక రైలు కూతవేసుకుంటూ వచ్చి బొగ్గు దింపడం అందరూ చూశారు. దానికంటే బరువైన ఇంకో రైలు రోజూ మా చిమ్నీలోంచి పైకి వెళ్లిపోయింది. పట్టాలు లేవు, కూత లేదు, తిరిగి రావడం లేదు. అది వందల ఏళ్లు అక్కడే ఉండి, భూమి చుట్టూ దుప్పటిలా పరుచుకుని వేడిని పోనివ్వదట. బూడిదను పట్టే యంత్రాలు బిగించాక చిమ్నీ మీద పొగ పలచబడింది. పొగ కనిపించకపోతే ఏమీ పోవడం లేదని మేమంతా సంతోషించాం. కంటికి పట్టనంత వెలుగును నేను చూపించగలను. కంటికి అసలు ఆననిదాన్ని చూపించే గాజు ఇంకా పుట్టలేదు.

"దేశం మొత్తం మీద ఎన్ని రైళ్లుంటయ్ మేడం?" అని ఓదెలు మెల్లగా అడిగాడు.

"రోజుకు కొన్ని వందలు."

"గంత ఎవరు వాడుతున్నరు?"

"మనమే అన్నా. ఫ్యాక్టరీలు, బోరు మోటార్లు, ఏసీలు, అన్ని."

"మీ ఇంట్ల ఏసీలెన్ని?"

సమత గ్లాసు కింద పెట్టి, "రెండు" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. మనుషుల్లో నాకు నచ్చే గుణం ఇదొకటి. తమ తప్పు మీద తామే నవ్వుకుని, ఇంటికి పోయి అదే స్విచ్ వేస్తారు.

కొన్నాళ్లకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా యూనిట్ పాతబడింది, ఒక పరీక్ష పెట్టాలి. మిట్టమధ్యాహ్నం ఎండ కరెంటు నిండుగా ఉన్న వేళ, యూనిట్‌ను నలభై శాతం లోడుకు దించాలి. నూనె వాడకూడదు. ఆ కాస్త బొగ్గుతో మంట నిలబడితే మరమ్మతులు చేసి యూనిట్‌ను ఉంచుతారు. అది పగలు ఎండకు దారి ఇచ్చి ఒంగి ఉంటుంది, సాయంత్రం లేస్తుంది. మంట నిలబడకపోతే మూసేస్తారు.

మూసేస్తే ఉద్యోగస్తులను వేరే యూనిట్లకు పంపుతారు, వాళ్లకు భయం లేదు. కాంట్రాక్టు మీద బొగ్గు ఊడ్చేవాళ్లు, బూడిద లాగేవాళ్లు నలభై మంది ఉన్నారు. అందరూ ఓదెలు ఊరివాళ్లే. ఒక్కొక్కరినీ వెంటబెట్టుకొచ్చి పనిలో పెట్టించింది అతనే. యూనిట్ పోతే వాళ్లు ఇంటికే. పరీక్ష రోజు పొద్దున ఆ నలభై మందీ బాయిలర్ మెట్ల దగ్గర నిలబడి అతని మొహంలోకి చూశారు. నోరు తెరిచి అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

పరీక్ష సాఫీగా జరిగింది. లోడు దిగింది, మంట చిక్కిపోయింది, అయినా నిలబడింది. కంట్రోల్ రూంలో చప్పట్లు కొట్టారు. ఓదెలు నన్ను మెట్ల కమ్మీకి తగిలించి వాకీటాకీలో మాట్లాడటానికి పక్కకు వెళ్లాడు. సమత బాయిలర్ మీదికి వచ్చింది. ఊరికే ఆశపడి నన్ను తీసుకుని కిటికీలోంచి చూసింది.

బొగ్గుమంట ముద్దగా ఉంటుంది. నూనెమంట పొడుగ్గా సాగి, కొసన మసితోక వదులుతుంది. నేను ఎవరి ఉప్పు తిన్నా అబద్ధం చూపించలేను, నా పుట్టుకలోనే అది లేదు. ఆమె చూసింది. తిరిగొచ్చిన ఓదెలు ఆమె చేతిలో నన్ను చూసి, అక్కడే ఆగిపోయాడు.

బాయిలర్ పక్కన రహస్యం కూడా అరిచే చెప్పాలి. "దీపం పెట్టిన్రా అన్నా?" అని సమత అరిచింది.

"పెట్టిన."

"ఎందుకు?"

"ఈ మంట ఆరితె నలభై ఇండ్లల్ల పొయ్యి ఆరుతది మేడం! మీకేం, రిపోర్టు రాసి పోతరు!"

"నేను రాసింది నమ్మి గ్రిడ్డోళ్లు రోజు మధ్యాహ్నం మనల్ని నలభైకి దించుతరు. రోజు మీరు దొంగతనంగ నూనె పోస్తరు. బొగ్గు, నూనె రెండు కాలుతయి. కాగితం మీద తగ్గుతది, చిమ్నీల తగ్గదు. ఎవరిని మోసం చేస్తున్నమన్నా?"

ఓదెలు నుదుటి మీది చెమట తుడుచుకుని, చెయ్యి ప్యాంటుకు రాసుకున్నాడు.

"ఇయ్యాల్ది నేను పైకి పంపను" అంది సమత, ఈసారి దగ్గరికి వచ్చి. "రేపు మల్ల పెడదాం. దీపం లేకుండ. తక్కువ మిల్లులు నడుపుదాం, ఉన్న బొగ్గంత ఒక్క వరుసల పడేటట్టు. మీరు ఈడ నిలవడుండ్రి, నేను అవతలి కిటికీ కాడ నిలవడుత. మంట నిలిస్తె గట్టిగ నిలిచిందని రాస్త."

"నిలవకపోతె?"

ఆమె నన్ను అతని చేతికిచ్చి దిగిపోయింది. ఆమెను తిట్టుకోవాలో దండం పెట్టాలో నాకు తోచలేదు.

మర్నాడు ఆకాశంలో మబ్బు తునక లేదు. ఓదెలు ఇవతల, గది దాటి నలభై అడుగుల అవతల సమత. ఆమెకు కొత్తగా వచ్చిన ప్లాస్టిక్ కళ్లద్దాలున్నాయి, నేను వాటిని లెక్కచేయలేదు. లోడు దిగడం మొదలైంది. ఒక మిల్లు ఆగింది, తరవాత ఇంకోటి. నా లోపల మంట చిన్నబోయింది. సుడి నెమ్మదించింది. అంత పెద్ద గదిలో అది ఒంటరిగా, సన్నగా, వణుకుతూ తిరుగుతోంది. నేను దాన్ని పెద్దగా గర్జించేటప్పుడే చూశాను. ఇలా పట్టు కోసం వెతుక్కుంటుంటే చూడటం మొదటిసారి. నాకు దాని మీద ఎన్నడూ లేని ప్రేమ కలిగింది.

ఒక మూల నల్లబడింది. మళ్లీ అంటుకుంది. ఓదెలు ఎడమచేతిలో వాకీటాకీ ఉంది. ఒక్క మాట, "దీపం" అంటే చాలు, కింద నూనె గొట్టం దగ్గర అతని మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఓదెలు దాన్ని నోటి దాకా తెచ్చాడు. అతని ఊపిరి నా మొహానికి తగిలి ఆవిరి పట్టింది. రెండో మూల నల్లబడింది. ఆ మాట అనకుండానే ఓదెలు చెయ్యి కిందికి దించేశాడు.

మంట ఒక్కసారి మూలల నుంచి పైకి లేచి, గాలిలో ఆగినట్టై, పోయింది.

ఆ తరవాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఆఖరున చెప్పడానికి నాకు మనసొప్పదు. ఏడాది తిరక్కుండా ఆ యూనిట్‌ను మూసేశారు. బూడిద పారబోసి నింపిన పాత చెరువు మీద సోలార్ పలకలు పరిచారు. నలభై మందిలో సగం మందికి వాటిని కడిగే పని దొరికింది. మిగతా సగం మందికి దొరకలేదు. ఆ ఇళ్ల ముందు నుంచి నడవాల్సి వస్తే ఓదెలు వేరే దారిన పోతాడు. పక్క యూనిట్లలో ఇంకా బొగ్గే మండుతోంది. సాయంత్రం కాగానే దేశం ఇంకా వాటినే పిలుస్తోంది. ఒక మంట ఆరితే ఆకాశం బాగుపడదు, అంత తెలివితక్కువదాన్ని కాదు నేను. కానీ ఆ మధ్యాహ్నం నేను చూసింది నాకు సరిపోతుంది.

హోరు ఆగిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా ఓదెలు డ్యూటీలో అంత నిశ్శబ్దం విని ఎరగడు. గోడలకు అంటుకున్న బూడిద గడ్డలు కాసేపు ఎర్రగా మెరిసి, ఒక్కొక్కటీ నల్లబడ్డాయి. ఓదెలు వాకీటాకీ నొక్కాడు.

"కరెంటు పోయిందారా?"

కంట్రోల్ రూం నుంచి జవాబు వచ్చింది. "పోలే అన్నా. ఈడ ఫ్యాన్లు తిరుగుతనే ఉన్నయి."

"ఊర్లల్ల?"

"ఊర్లల్ల గూడ. ఎవరికి తెల్వనే తెల్వదు."

ఓదెలు వాకీటాకీ దించాడు. తన చేతిలో మంట ఆరితే లోకం చీకటైపోతుందని అతను ఇన్నేళ్లూ నమ్మాడు. అతనితోపాటు నేనూ నమ్మాను. మా మంట ఆరిన మరుక్షణమే ఎక్కడెక్కడి నుంచో అందరూ ఒక చెయ్యి వేశారు. ఏదో ఎడారిలో పరిచిన పలకల మీది ఎండ, ఏదో కొండమీద తిరిగే గాలిమర, కృష్ణ మీది ఆనకట్ట నీళ్లు, మేమెన్నడూ చూడని మరెక్కడివో మంటలు. అన్నీ ఒకే తీగల వలకు కట్టి ఉన్నాయి. మా వాటా బరువును పిసరంత పిసరంత పంచుకుని మోసేశాయి. దేశంలో ఒక్క ఫ్యానూ తడబడలేదు. అంత పెద్ద మంటను చూసి బెదిరినదాన్ని, అంతకంటే పెద్దది ఇంకోటి ఉందని ఆ నిశ్శబ్దంలో నాకు తెలిసింది. దానికి దండం పెట్టాలనిపించింది. చేతులు లేవు.

నన్ను కంటికి ఆనించి ఓదెలు మళ్లీ లోపలికి చూశాడు. నాలోంచి ఏమీ కనిపించలేదు, వట్టి చీకటి. నన్ను పక్కకు దించి వట్టి కళ్లతో చూశాడు. నల్లటి గది అవతల, ఎదురు గోడలో గుప్పెడంత వెలుగు. ఆ వెలుగులో సమత మొహం. ఇన్నేళ్లూ ఆ కిటికీ అక్కడే ఉంది, మధ్యలో మంట ఉండటం వల్ల ఒకవైపు వాళ్లు రెండోవైపు వాళ్లను ఎన్నడూ చూడలేదు.

"ఓదెలన్నా" అంది ఆమె. అరవాల్సిన అవసరం లేకపోయింది. ఆ ఖాళీ గదిలో ఆమె గొంతు చల్లగా ఇవతలికి వచ్చింది. "ఇంకొక్కపారి పెట్టి చూద్దామా? రేపు? ఎల్లుండి?"

ఎల్లుండి దీపం పెట్టుకోమని అడగకుండా అడుగుతోందేమో అని నాకు అనుమానం వచ్చింది. ఓదెలుకు కూడా ఆ అనుమానమే వచ్చి ఉంటుంది. కింద మెట్ల దగ్గర నలభై మంది తలలెత్తి పైకి చూస్తున్నారు, హోరు ఎందుకాగిందో వాళ్లకు తెలిసిపోయింది. ఓదెలు ఒకసారి కిందికి చూశాడు. తరవాత కిటికీ దగ్గరికి ఒంగాడు.

"వద్దు బిడ్డా" అన్నాడు. "ఆరిందని రాయి. కిందికి వోయి వాళ్లకు నేను చెప్త."

నన్ను మెడలో వేసుకుని మెట్లు దిగాడు.